షిన్వాజరీ ఎన్‌గ్రేవింగ్ చూసి డిజైన్ గీయాలంటే

చెన్నైలో టీ నగర్ బొటీక్‌లలో ఇప్పుడు ఏ చీర విప్పినా, అన్నానగర్‌లో కొత్తగా కట్టిన ఏ ఇంటి డైనింగ్ హాల్ గోడ చూసినా షిన్వాజరీయే (Chinoiserie), అంటే చైనా తరహాని అనుకరిస్తూ యూరప్‌వాళ్లు పుట్టించిన శైలి. తెల్లటి నేల మీద నీలం గీతలు, పగోడాలు, కొంగలు, వంకర కొమ్మలు, గొడుగు పట్టుకున్న మనుషులు. బట్టల మీద ప్రింట్ డిజైన్లు గీయడమే నా పని కాబట్టి ఈ ఆర్డర్లు నా బల్ల మీదికి వస్తూనే ఉంటాయి. నా దగ్గర పని నేర్చుకునే పిల్లలు నెట్‌లో ఒక పగోడా, ఒక కొంగ, ఒక వంతెన వెతికి, కంప్యూటర్‌లో పక్కపక్కన పేర్చి, "అయిపోయిందక్కా, చూడండి" అంటారు. చూస్తే అన్నీ ఉంటాయి. డిజైన్‌లో మాత్రం ప్రాణం ఉండదు. ఈ శైలికి ప్రాణం ఎక్కడుందంటే, ఆ వస్తువులు దేని మీద నిలబడ్డాయో అక్కడ, వాటి చుట్టూ ఎంత తెలుపు వదిలారో అక్కడ, గీత ఎక్కడ ముదిరి ఎక్కడ పలచబడిందో అక్కడ. అది పట్టుకోవాలంటే పాత ఎన్‌గ్రేవింగ్‌ల దగ్గరికే, అంటే రాగిరేకు మీద చెక్కి అచ్చు వేసిన బొమ్మల దగ్గరికే వెళ్లాలి. ఆ పిల్లలకి నేను చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఈ బొమ్మల్ని ఎవరికోసం చెక్కారో తెలుసుకోండి. దాన్నిబట్టే వాటి రూపం వచ్చింది. 1655లో డచ్చి ఈస్టిండియా కంపెనీ రాయబారంతో చైనా వెళ్లిన యోహాన్ న్యూహాఫ్ చూసినవన్నీ గీసుకొచ్చాడు. 1665లో ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చయిన అతని పుస్తకంలో దాదాపు 150 బొమ్మలున్నాయి. నాన్‌జింగ్ పింగాణీ గోపురాన్ని యూరప్ ఎరిగింది చాలావరకు ఆ పుస్తకం ద్వారానే. 1688లో ఆక్స్‌ఫర్డ్‌లో స్టాకర్, పార్కర్ అనే ఇద్దరు లక్కపని నేర్పే పుస్తకం వేసి, చివర్లో 24 ప్లేట్ల (బొమ్మల పేజీల) నిండా నమూనాలిచ్చారు. తర్వాత పారిస్‌లో వాటో, బూషే అనే చిత్రకారులు, ఫ్రాన్స్‌లోని లియోఁలో పుట్టి లండన్‌లో పనిచేసిన జాఁ పియ్‌మాఁ ఈ శైలిని ఇప్పుడు మనం గుర్తుపట్టే రూపానికి తెచ్చారు. ఈ ముగ్గురిలో ఎవరూ చైనా చూడలేదు. వాళ్లు చూసింది పింగాణీ గిన్నెలు, లక్కపెట్టెలు, మడతతెరలు, ఒకరి ఎన్‌గ్రేవింగ్‌లు ఇంకొకరు.

ఆ ఎన్‌గ్రేవింగ్ షీట్లు గోడకి తగిలించుకోవడానికి వేసినవి కావు. పట్టు నేసేవాళ్లకి, పింగాణీ మీద బొమ్మ వేసేవాళ్లకి, బీరువాలు చేసే వడ్రంగులకి అవి నమూనాలు. లండన్‌లో రాబర్ట్ సేయర్ 1760 ప్రాంతంలో వేసిన 'లేడీస్ అమ్యూజ్‌మెంట్' అనే పుస్తకంలో 200 ప్లేట్లు, 1500 పైచిలుకు డిజైన్లు ఉన్నాయి. పియ్‌మాఁవే చాలా. వాటికి రంగులు వేసి, కత్తిరించి, పెట్టెల మీద అంటించి వార్నిష్ కొట్టుకునేవారు. అందుకే ఆ షీట్లలో ప్రతి ముక్కా తనంతట తాను ముగుస్తుంది. కొమ్మ చివర ఆకుతో ఆగుతుంది, గట్టు అంచు గడ్డిపోచలతో ఆగుతుంది. కత్తెర చుట్టూ తిరిగొచ్చేలా గీశారు. కాగితం అంచు దగ్గర తెగిపోయిన చెట్టు వీటిలో అరుదు. మీ డిజైన్‌లో మోటిఫ్ ఏ పక్కనైనా తెగినట్టు కనిపిస్తే, ఆ ఒక్క కారణానికే అది పరాయిగా అనిపిస్తుంది.

ఇది మన తీరానికి దూరమైన కథ కూడా కాదు. చైనాలో చేసిన చెక్కుడు లక్క తెరలు ఈ కోరమాండల్ రేవుల మీదుగా వెళ్లినందుకే యూరప్‌లో వాటికి కోరమాండల్ తెరలని పేరొచ్చింది. మచిలీపట్నం వైపు కలంకారీ పనివాళ్లు యూరప్ వర్తకుల కోసం వేసిన పెద్ద పలంపోర్ దుప్పట్లు చూడండి. మధ్యలో మెలికలు తిరిగిన చెట్టు, దాని కింద పొలుసులు పేర్చినట్టున్న రాతిగుట్ట. ఆ గుట్టలో చైనా పోకడ ఉంది. మా అమ్మమ్మగారిది పెడన. అచ్చులు చెక్కే ఇళ్ల మధ్య ఆడుకున్నదాన్ని కాబట్టి, పియ్‌మాఁ షీట్ చూసినప్పుడు ఇది మనకి తెలిసిన కుటుంబానిదే అనిపిస్తుంది నాకు.

ఇక పనిలోకి దిగుదాం. పింటరెస్ట్‌లో దొరికే మసక బొమ్మ తీసుకోవద్దు. ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్‌మ్యూజియం, న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం తమ దగ్గరున్న పాత ప్రింట్లెన్నిటినో పెద్ద సైజులో ఉచితంగా ఇస్తున్నాయి. వాళ్ల సైట్లలో పియ్‌మాఁ (Pillement), బూషే (Boucher), బూషే డిజైన్లు చెక్కి అచ్చు వేసిన ఉకియే (Huquier) పేర్లతో వెతకండి. రంగులు వేసిన కాపీ కాకుండా నలుపు తెలుపుది ఎంచుకోండి, ఎందుకంటే రంగు గీతని దాచేస్తుంది. జెరాక్స్ షాపులో ఏ3 సైజు మ్యాట్ కాగితం మీద ప్రింట్ తీయించండి. బొమ్మ చుట్టూ కాగితం కాస్త నొక్కుకుపోయిన దీర్ఘచతురస్రం కనిపిస్తే అది రాగిరేకు అంచు. బొమ్మ కింద ఎడమవైపు పేరు పక్కన 'ఇన్వ్.' అని ఉంటే ఆయన డిజైన్ చేసినవాడు, కుడివైపు 'స్కల్ప్.' అని ఉంటే ఆయన చెక్కినవాడు. ఇద్దరి పేర్లూ రాసుకోండి. ఊహ ఒకరిది, గీత ఇంకొకరిది. పియ్‌మాఁ డిజైన్‌నే లండన్‌లో కానో అనే చెక్కడం పనివాడు చెక్కితే ఒక రకంగా ఉంటుంది, పియ్‌మాఁ భార్య ఆన్ ఆలెన్ రంగుల్లో అచ్చు వేస్తే పూర్తిగా వేరే రకంగా ఉంటుంది. ఇంకో సంగతి. అచ్చులో బొమ్మ కుడి ఎడమలు తారుమారవుతాయి. అచ్చైన షీట్ చూసి ఇంకొకరు నేరుగా రేకు మీద కాపీ చేస్తే, ఆ కాపీ ఎదురువైపు తిరిగి వస్తుంది. ఒకే డిజైన్ రెండు దిక్కులా దొరికిందంటే కారణం అదే. గాలం పట్టినవాడు ఎడంచేత్తో పట్టుకుని ఉంటే ఆ షీట్ కాపీ కావచ్చని అనుమానించండి.

ప్రింట్ మీద బటర్ పేపర్ పరచండి. పగోడాని ట్రేస్ చేయాలని చెయ్యి లాగుతుంది, ఆపుకోండి. మెత్తటి పెన్సిల్‌తో తెల్లగా వదిలిన చోట్లని మాత్రమే నింపండి. కొమ్మకీ కొమ్మకీ మధ్య తెలుపు, వంతెన కింద తెలుపు, మనిషి మోచేతికీ నడుముకీ మధ్య చిన్న త్రికోణం, అన్నీ. బటర్ పేపర్ ఎత్తి చూస్తే సాధారణంగా సగానికి పైగా కాగితం నిండి ఉంటుంది. ఆ తెల్లటి ఆకారాలు ఏవీ ఒకే సైజులో ఉండవు. ఒక పెద్ద తెలుపు ఒక పక్కకి ఒరిగి ఉంటుంది, మిగతావి దాని చుట్టూ చిన్నవవుతూ పోతాయి. ఈ తెలుపే ఒకచోట ఆకాశం, ఒకచోట నీళ్లు, ఇంకోచోట దూరం. ఆకాశానికీ నీళ్లకీ మధ్య గీత గీయలేదు కాబట్టే ఒకే కాగితం ఇన్ని పనులు చేస్తోంది. శ్రీకాళహస్తి కలంకారీలో నేలంతా కథతో నింపడం అందం. అక్కడ చెయ్యి తిరిగినవాళ్లకి ఇక్కడ ఖాళీ చూస్తే టెన్షన్ వస్తుంది, ఓ మేఘమో, ఓ పిట్టో పెట్టేద్దామనిపిస్తుంది. పెట్టకండి. మేఘం ఒక్కటి వచ్చిందంటే తెలుపు వట్టి ఆకాశమైపోతుంది, నీళ్లూ దూరమూ పోతాయి.

తర్వాత నేల. అన్నిటికంటే ఎక్కువసేపు ఆగాల్సింది ఇక్కడే. షిన్వాజరీలో నేల పరుచుకుని ఉండదు. ఒక చిన్న గట్టో, పలకో తెలుపు మధ్యలో ఉట్టిలా వేలాడుతుంది, దాని మీద ఇల్లు, చెట్టు, మనుషులు, ఒక్కోసారి ఇంకో గట్టుకి వేసిన నిచ్చెన. ఈ గట్టు పై అంచు అందరూ చూస్తారు. మీరు కింది అంచు చూడండి. గీసినవాడి నేర్పు అక్కడ బయటపడుతుంది. పైన మట్టిలా మొదలైంది కిందికొచ్చేసరికి వేళ్లవుతుంది, వేళ్లు గవ్వ అంచులాంటి మెలికలవుతాయి, మెలికలు నీటిబొట్లలా జారి ఆగిపోతాయి. ఎక్కడ మట్టి అయిపోయి ఎక్కడ అలంకారం మొదలైందో వేలు పెట్టి చూపించలేం. ఫ్రేము కూడా ఇంతే. కొన్ని షీట్లలో బొమ్మ చుట్టూ ఉన్న చట్రమే ఒక మూల మొక్కై చిగురిస్తుంది, ఇంకో మూల మెట్లై పైకి ఎక్కుతుంది. చట్రానికీ బొమ్మకీ మధ్య గోడ లేదు.

బరువు విషయంలో 'లేడీస్ అమ్యూజ్‌మెంట్' ముందుమాటే చెప్పేస్తుంది, చైనా తరహా బొమ్మల్లో స్వేచ్ఛ ఎక్కువ తీసుకోవచ్చు, సీతాకోకచిలుక ఏనుగుని మోసినా చూసేవాళ్లకి నచ్చుతుందని. అయితే అంతా తేలిపోతే బొమ్మ కాగితం మీద నిలవదు. బాగా చూస్తే, మోయలేని వస్తువు కింద ఎప్పుడూ ఒక ముదురు చోటు ఉంటుంది. గట్టు అడుగున గుహలాంటి నీడ, లేదా గుబురు. కన్ను అక్కడ కాలూని మిగతాదంతా ఒప్పుకుంటుంది. మీ డిజైన్‌లో ఆ ముదురు చోటు ఒక్కటే ఉండాలి. రెండు పెడితే అవి కొట్టుకుంటాయి.

ఈ నేలని మన చుట్టూ చూసి నేర్చుకోవచ్చు. ఈసీఆర్ మీద కోవళం వైపు వెళ్తే ఇసుకగట్ల మీద మొగలి పొదలు కనిపిస్తాయి. ఊతవేళ్ల మీద నిలబడి, కింద ఇసుక జారిపోయినచోట మొక్క మొత్తం గాల్లో ఉన్నట్టుంటుంది. నా దగ్గర పనిచేసే నెల్లూరు అమ్మాయిని ఒక ఆదివారం అక్కడికి తీసుకెళ్లి ఆ వేళ్లే గీయించాను. వెదురు గీయమంటే తెలియనట్టు చూసే పిల్ల, మొగలి వేళ్లకి చెయ్యి ఆపలేదు. చైనా వెదురు మనం చూసిందెంత? తెలిసిన మొక్కని ఈ వ్యాకరణంలో పెడితే డిజైన్ మీదవుతుంది.

మూడో పని, వెన్నెముక పట్టుకోవడం. గట్టు అడుగు నుంచి అన్నిటికంటే పైనున్న కొస దాకా పెన్సిల్ ఎత్తకుండా ఒకే ఒంపు గీయండి. ఆంగ్ల అక్షరాల్లో సీ లాగానో, ఎస్ లాగానో వస్తుంది. గట్టు, చెట్టు మాను, కొమ్మ, కొమ్మకి వేలాడే గంట, అన్నీ ఆ ఒంపునే పంచుకుని ఉంటాయి. ఇంటి స్తంభాలు మాత్రం నిటారుగా, అగ్గిపుల్లంత సన్నగా ఉంటాయి. వాటి నిటారుతనం వల్లే ఒంపులు ఒంపుల్లా కనిపిస్తాయి. బరువు ఒక పక్క కిందుగా చేరితే, ఎదురుపక్క పైన, పొడుగాటి కొమ్మ చివర ఒక చిన్న నల్లటి పిట్ట ఉంటుంది. తక్కెడ సరిపోయిందా లేదా అన్నది ప్రింట్‌ని తలకిందులు చేసి చూడండి, వెంటనే తెలుస్తుంది. గుమ్మానికి రెండు పక్కలా ఒకేలా ఉండే ప్యానెల్ కావాలని కస్టమర్ పట్టుబడితే పియ్‌మాఁని బలవంతంగా అద్దంలో తిప్పి అతికించకండి. అంతకు ముందు తరంవాడైన జాఁ బెరాఁ డిజైన్లు చూడండి. ఆయన కుడి ఎడమలు సమానంగా పెట్టే పద్ధతిలోనే ఆలోచించాడు.

సైజుల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. పువ్వు మనిషికంటే పెద్దదవ్వొచ్చు, పిట్ట ఇంటికంటే పెద్దదవ్వొచ్చు. ఒక్క జాగ్రత్త చాలు, పెద్దది చేసేదాన్ని రెండింతలు కాకుండా ఆరింతలు చేయండి. కాస్త పెద్దదైతే గీయడం రాలేదనుకుంటారు.

గీత దగ్గర మళ్లీ నిదానించాలి. రాగిరేకు మీద గీత రెండు రకాలుగా పుడుతుంది. బ్యూరిన్ అనే మొనదేలిన ఉలితో తోస్తే వచ్చే గీత సన్నగా మొదలై, మధ్యలో లావై, మళ్లీ సన్నబడి ముగుస్తుంది. ఎచింగ్ వేరు. రేకుకి మైనం పూత వేసి, సూదితో ఆ పూత మీద గీస్తారు, తర్వాత ఆసిడ్‌లో ఉంచితే గీసినచోట లోహం తినేసి గాడి పడుతుంది. ఆ గీత పెన్నుతో రాసినంత స్వేచ్ఛగా, మొదటి నుంచి చివర దాకా ఒకే లావుగా, కొస మొద్దుగా ఉంటుంది. షిన్వాజరీ షీట్లు ఎక్కువగా ఎచింగ్‌లే, అక్కడక్కడ బ్యూరిన్‌తో దిద్దినవి. ఎగ్మోర్ ఆర్ట్ కాలేజీలో ప్రింట్‌మేకింగ్ చదివేటప్పుడు జింకు రేకుల మీద ఈ పనే చేసేవాళ్లం. సిరాలో నలుపు ఒక్కటే, ముదురు లేత తేడా అంతా ఆసిడ్‌లో ఉంచిన సమయాన్ని బట్టి వస్తుంది. దూరంగా ఉన్న కొండ గీతలు కొంచెం తిన్నాక రేకు బయటికి తీసి, వాటి మీద వార్నిష్ పూసి మూసేస్తారు. మళ్లీ ఆసిడ్‌లో పెడతారు. ముందువైపు గట్టు గీతలు చివరిదాకా ఆసిడ్‌లోనే ఉండి లోతుగా దిగుతాయి, ఎక్కువ సిరా పట్టుకుంటాయి.

దీన్ని పెన్నుతో చేయడానికి మూడు నిబ్బులు పెట్టుకోండి, 0.1, 0.3, 0.5 మిల్లీమీటర్లవి. దూరాన ఉన్నవన్నీ ముందు 0.1తో ముగించి ఆ పెన్ను మూత పెట్టేయండి. నడిమి వస్తువులకి 0.3. గట్టుకీ దాని అడుగు నీడకీ మాత్రమే 0.5. ఆకుల్ని ఒక్కొక్కటిగా గీయొద్దు, చిన్న చిన్న కొక్కేల్లాంటి గీతలతో గుబురు కట్టండి. వెలుగు తగిలే వైపు బయటి గీతని అక్కడక్కడ తెంపేయండి. తెగినచోట తెలుపు లోపలికి వస్తుంది, ఈ బొమ్మలకి గాలి ఆడేది ఆ సందుల్లోంచే. నీడకి ఒకే దిక్కుకి పోయే సమాంతర గీతలు చాలు. క్రాస్ హ్యాచింగ్, అంటే ఆ గీతల మీద అడ్డంగా ఇంకో వరస గీయడం, ఆ ఒక్క ముదురు చోటుకి దాచుకోండి. కంప్యూటర్‌లో గీసేవాళ్లు దూరం చూపించడానికి ఒపాసిటీ తగ్గిస్తారు, బూడిదరంగు వస్తుంది. అలా చేయకుండా గీతే సన్నం చేయండి. స్క్రీన్ ప్రింటింగ్‌లో బూడిదరంగు చుక్కలుగా విడిపోతుంది, గీత గీతగానే నిలుస్తుంది.

పువ్వుల్లో మీకు పూర్తి స్వేచ్ఛ ఉంది. పియ్‌మాఁ ఊహాపుష్పాల పేరుతో షీట్లే వేశాడు. ఏ తోటలోనూ పూయని పూలవి, ఆకు అంచు రేకైపోతుంది, రేకు కుచ్చైపోతుంది. తామరనీ, మొగలినీ, కాకర తీగనీ కలిపి మీరూ ఒకటి పుట్టించండి.

మనుషుల విషయంలో నేను ఖచ్చితంగా ఉంటాను. ఆ షీట్లలో చైనావాళ్లు వేలాడే సన్నమీసాలతో, శంకు టోపీలతో, నవ్వించడానికి పెట్టిన బొమ్మల్లా ఉంటారు. చూడని మనుషుల్ని గీస్తే అలాగే ఉంటుంది. 250 ఏళ్ల తర్వాత మనం వాటిని చీర మీద మళ్లీ అచ్చు వేయాల్సిన అవసరం ఏమీ లేదు. ఆ మనిషి భంగిమ తీసుకోండి, ఒరిగిన నడుము, చాచిన గాలం కర్ర, వెనక్కి ఎగిరే గుడ్డ కొస. ముఖం, వేషం వదిలేయండి. మా డిజైన్లలో పట్టినపాక్కం ఒడ్డున వల దులిపే మనిషి ఉంటాడు, పులికాట్ నీళ్లలో ఒంటికాలి మీద నిలబడ్డ రాజహంస (ఫ్లెమింగో) ఉంటుంది. కొంగ చేయాల్సిన పనంతా అది చేస్తుంది, మెడ ఒంపు ఇంకా ఎక్కువ.

చీరకి వేసేటప్పుడు గట్లని వరసలో నిలబెట్టకండి. రెండో నిలువు వరసని సగం కిందికి జరిపే హాఫ్ డ్రాప్ రిపీట్ వాడండి, ఒక గట్టు కొమ్మ పక్క గట్టు ఖాళీలోకి వెళ్తుంది. పల్లూకైతే ఒకటే పెద్ద గట్టు చాలు. గట్టుని పల్లూ చివర బార్డర్‌కి కొంచెం పైన పెట్టి, వెన్నెముక భుజం వైపు ఎక్కేలా గీయండి. బార్డర్‌కి తాకించారంటే గట్టు నేలకి దిగిపోతుంది, వేలాడే గుణం పోతుంది. ఒళ్లు భాగంలో కుచ్చిళ్లలోకి పోయేచోట పెద్ద మోటిఫ్ పెట్టడం వృథా, అక్కడ తెగిపడ్డ రెమ్మలు, చిన్న పురుగులు చాలు.

అందరూ నీలమే అడుగుతారు. నీలం తెలుపు జోడీ పింగాణీ నుంచి వచ్చింది. ఎన్‌గ్రేవింగ్‌లు ఎక్కువగా నల్లగానే అచ్చయ్యేవి, తర్వాత చేత్తో ఎరుపు, పచ్చ, పసుపు వేసేవారు. నీలంలో చేస్తే ఒకే నీలం ఎంచుకోండి, లేత నీలం రెండో స్క్రీన్‌గా పెట్టకండి, మూడు నిబ్బుల పనిని అది చెరిపేస్తుంది. మొత్తం బట్ట గోడౌన్ స్ట్రీట్‌లో కొనేముందు మీకు కావలసిన కాటన్ ఒక మీటరు తెచ్చి శాంపిల్ ప్రింట్ వేయించండి. ఉతికి, ఆరబెట్టి, భూతద్దంతో 0.1 గీతలు చూడండి. నూలు మీద అవి ఉబ్బి ఒకదానికొకటి అంటుకుంటే గీతల మధ్య దూరం పెంచి ఆ భాగం మళ్లీ గీయండి. గీతలు తెగిపోతే 0.1 చోట 0.2 వాడండి, అప్పుడు 0.3ని 0.4 చేయాలి, 0.5ని 0.7 చేయాలి. మూడింటి మధ్య తేడా కంటికి కనిపిస్తూనే ఉండాలి.